గుర్రం నడకకు మార్కులు వేసేదెలా?

“రౌతు కొద్దీ గుర్రం” అనే సామెత మీరు వినే ఉంటారు. రౌతు ఎంత నేర్పరి అయితే గుర్రం అంత బాగా నడుస్తుందని దాని భావం. ఈ సామెతకు మార్కులు వేసి చూసే పోటీ ఒకటుంది. దాని పేరు డ్రెసాజ్. ఇది ఫ్రెంచి మాట. శిక్షణ ఇవ్వడం అని అర్థం.

గుర్రాల పోటీ అనగానే మనకు పరుగుపందెం గుర్తుకు వస్తుంది. పరుగుపందెంలో చిక్కేమీ లేదు. ఏ గుర్రం ముక్కు ముందుగా గీత దాటితే అదే గెలిచినట్టు. అడ్డుకర్రలు దూకే పోటీలోనూ అంతే. కర్ర పడిందా, లేదా? చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. డ్రెసాజ్‌లో అలా కాదు. గుర్రం ఒంటరిగా బరిలోకి వస్తుంది. ముందుగా నిర్ణయించిన వరుసలో నడుస్తుంది, ఆగుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, పక్కకు జరుగుతుంది, వెనక్కి అడుగులు వేస్తుంది. అయిదారు నిమిషాల్లో అంతా అయిపోతుంది. ఎంత లయగా నడిచింది, ఎంత తిన్నగా నడిచింది, రౌతు చెప్పినదాన్ని ఎంత ఇష్టంగా విన్నది అనేవన్నీ న్యాయనిర్ణేత కంటితో చూసి మార్కులు వేయాలి.

ఇక్కడే ఒక సందేహం వస్తుంది. కంటితో చూసి వేసే మార్కును నమ్మడమెలా? ఉదయం 8 గంటలకు నడిచిన గుర్రాన్నీ, సాయంత్రం 4 గంటలకు నడిచిన గుర్రాన్నీ ఒకే త్రాసులో తూచినట్టేనా?

సైన్సు పాఠంలో మీరు చేసిన ప్రయోగం ఒకటి గుర్తు తెచ్చుకోండి. రెండు కుండీల్లో చిక్కుడు గింజలు నాటి, ఒకదాన్ని ఎండలోనూ ఇంకొకదాన్ని చీకటి గదిలోనూ పెడతారు. మట్టి ఒకటే, నీళ్లు ఒకటే, గింజలు ఒకే సంచిలోవి. ఎందుకు? మొక్కల్లో కనిపించే తేడాకు వెలుతురు తప్ప ఇంకో కారణం ఉండకూడదని. డ్రెసాజ్ పోటీ జరిపించేవాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే. గుర్రమూ రౌతూ తప్ప మిగిలినవన్నీ అందరికీ సమానంగా ఉండాలి. నేల, కొలతలు, చప్పుడు, సమయం, న్యాయనిర్ణేత కూర్చునే చోటు, అన్నీ. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎంత కష్టమో చూడాలంటే ఒక ప్రాంతీయ పోటీ ఎలా జరుగుతుందో మొదటినుంచీ చూడాలి.

అమెరికా పద్ధతినే తీసుకుందాం. అక్కడ డ్రెసాజ్ సమాఖ్య 1973లో ఏర్పడింది. దేశం పెద్దది కాబట్టి దాన్ని 9 ప్రాంతాలుగా విభజించుకున్నారు. చిన్న పోటీల్లో నిర్ణయించినన్ని మార్కులు తెచ్చుకున్న గుర్రాలు తమ ప్రాంతపు ఛాంపియన్‌షిప్‌కు వస్తాయి. అక్కడ పైస్థానాల్లో నిలిచినవి జాతీయ ఫైనల్స్‌కు వెళ్తాయి. ఆ ఫైనల్స్ 2013లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో మొదలయ్యాయి. మన బడి ఆటల పోటీలు మండలం, జిల్లా, రాష్ట్రం అని మెట్లు మెట్లుగా సాగుతాయి గదా, అలాగన్నమాట. ప్రాంతీయ పోటీ ఈ మెట్లలో నడిమిది. ఒలింపిక్స్‌కు ఉన్నంత డబ్బు దీనికి ఉండదు. పనిచేసేవాళ్లలో చాలామంది జీతం తీసుకోని స్థానిక క్లబ్బు సభ్యులే. అయినా ఇక్కడ ఏర్పాట్లలో తప్పు జరిగితే ఏడాదంతా కష్టపడిన రౌతు వట్టి చేతులతో ఇంటిదారి పట్టాలి.

గేటు దగ్గర అడిగే కాగితం

గుర్రం పోటీస్థలంలోకి రావాలంటే మొట్టమొదట కావలసింది రక్తపరీక్ష కాగితం. వందలాది గుర్రాలు వేర్వేరు ఊళ్లనుంచి వచ్చి, రెండు మూడు రోజులు పక్కపక్క శాలల్లో ఉంటాయి. అంటురోగానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? తిరునాళ్లలో కలరా వ్యాపించిన రోజుల గురించి మీ తాతగారిని అడగండి, చెబుతారు.

గుర్రాలకు అంటురక్తహీనత అనే జబ్బు ఒకటుంది. వైరస్ వల్ల వస్తుంది. జోరీగ జబ్బు గుర్రాన్ని కుట్టి, రక్తంతో తడిసిన మూతితోనే పక్క గుర్రాన్ని కుడితే అంటుకుంటుంది. దీనికి మందు లేదు. బతికి బట్టకట్టిన గుర్రం పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది గాని, జీవితాంతం వైరస్‌ను మోస్తూనే ఉంటుంది. కంటితో చూసి పట్టుకోలేం. దీన్ని పట్టుకునే పరీక్షను 1970ల తొలినాళ్లలో లెరాయ్ కాగిన్స్ అనే అమెరికన్ పశువైద్య శాస్త్రవేత్త రూపొందించాడు. ఆయన పేరుతోనే దాన్ని కాగిన్స్ పరీక్ష అంటున్నారు.

పరీక్ష చాలా ముచ్చటగా ఉంటుంది. సముద్రపు నాచునుంచి తీసే అగర్‌ను వేడినీళ్లలో కరిగించి గాజుపళ్లెంలో పోస్తే చల్లారి జున్నులా గట్టిపడుతుంది. అందులో మధ్యన ఒక చిన్న గుంట, చుట్టూ కొన్ని గుంటలు చేస్తారు. మధ్యగుంటలో వైరస్ తాలూకు ప్రోటీను, చుట్టూ ఉన్నవాటిలో గుర్రాల రక్తంనుంచి తీసిన సీరం పోస్తారు. గ్లాసు నీళ్లలో పడిన సిరాచుక్క మెల్లగా విస్తరించినట్టు ఇవి రెండూ అగర్‌లో విస్తరించి ఎదురుపడతాయి. గుర్రం శరీరంలో ఇదివరకే ఆ వైరస్ చేరి ఉంటే, దానితో పోరాడే ప్రతిరక్షకాలు సీరంలో ఉంటాయి. అవి ప్రోటీనుతో కలిసినచోట తెల్లటి గీత ఏర్పడుతుంది. గీత కనిపిస్తే ఆ గుర్రానికి ప్రవేశం లేదు. కోట్ల రూపాయల గుర్రమైనా సరే, సన్నని తెల్ల గీత ముందు ఆగిపోవలసిందే.

ఇన్‌ఫ్లూయెంజాకూ, హెర్పిస్ వైరస్‌కూ టీకాలు వేయించిన రుజువు కూడా చూపాలి. ఇది చాదస్తం కాదు. 2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వలెన్సియాలో ఒక పోటీకి చేరిన గుర్రాల మధ్య హెర్పిస్ వైరస్ వ్యాపించింది. పదికి పైగా గుర్రాలు చనిపోయాయి. యూరప్‌లో చాలా దేశాలలో వారాల తరబడి పోటీలు ఆపేశారు.

మన దేశానికి కూడా ఈ విషయంతో సంబంధం ఉంది. 2023లో చైనాలోని హాంగ్జౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ జట్టు పోటీలో భారతదేశం బంగారు పతకం గెలిచింది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా ఆ జట్టు సభ్యులు. అయితే వాళ్ల గుర్రాలు మన దేశంనుంచి వెళ్లలేదు, యూరప్‌నుంచి వెళ్లాయి. ఇక్కడి గుర్రాన్ని విదేశాలకు పంపాలంటే వ్యాధి నిబంధనలు అంత గట్టిగా ఉండేవి. 2025 జులైలో మీరట్ కంటోన్మెంటులోని సైనిక పశువైద్య కేంద్రాన్ని గుర్రపు వ్యాధులు లేని ఆవరణగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. మన గడ్డమీది గుర్రాలు విదేశీ పోటీలకు వెళ్లేందుకు దారి అలా తెరుచుకుంది.

పైథాగరస్ బరి

ఇక బరి సంగతి. ఇది 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. చుట్టూ మోకాలి ఎత్తు కూడా లేని తెల్లటి కంచె. నాలుగు మేకులు పాతి, టేపు పట్టి, 60, 20, 60, 20 అని కొలిచేస్తే సరిపోతుందా? తొమ్మిదో తరగతివాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించండి. నాలుగు భుజాలూ సరిగ్గా ఉన్నా ఆకారం పక్కకు వాలి సమాంతర చతుర్భుజం కావచ్చు. అగ్గిపెట్టె తొడుగును వేళ్లతో నొక్కి చూడండి, తెలుస్తుంది.

తాపీమేస్త్రీ అయితే మూలలో మూలమట్టం పెట్టి చూస్తాడు. అంత పెద్ద బరికి మూలమట్టం చాలదు. మూలలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా 60 మీటర్ల అవతల అది మీటరుకు పైగా పెరుగుతుంది. కాబట్టి కర్ణాలు కొలుస్తారు. 60 వర్గం 3600, 20 వర్గం 400, రెండూ కలిపితే 4000. దాని వర్గమూలం సుమారు 63.25. ఎదురెదురు మూలల మధ్య దూరం రెండువైపులా 63 మీటర్ల 25 సెంటీమీటర్లు ఉండాలి. రెండు కర్ణాలూ సమానమైతేనే మూలలు లంబకోణాలు. పరీక్షకోసం బట్టీపట్టిన సిద్ధాంతాన్ని బురదబూట్లు వేసుకున్నవాళ్లు తెల్లవారుజామున టేపు పట్టుకొని నిజం చేస్తుంటే చూడడం నాకు భలే ఇష్టం.

కంచె పక్కన అక్షరాల పలకలు నిలబెడతారు. రౌతు ప్రవేశించే చోటు ఏ. ఎదురుగా అటుకొసన సి. లోపలికి వచ్చే రౌతుకు ఎడమవైపు వరుసగా కె, వి, ఇ, ఎస్, హెచ్. కుడివైపు ఎఫ్, పి, బి, ఆర్, ఎం. మూలనుంచి మొదటి అక్షరానికి 6 మీటర్లు, అక్కడినుంచి ఒక్కోదానికీ 12 మీటర్లు. కూడి చూడండి, 60 వస్తుంది. ఇవిగాక మధ్యగీతమీద డి, ఎల్, ఎక్స్, ఐ, జి ఉన్నాయి. వీటికి పలకలు ఉండవు. రౌతు మనసులో ఊహించుకోవాలి. ఎక్స్ బరికి నడిబొడ్డు. అక్షరాలు ఈ విచిత్రమైన వరుసలో ఎందుకున్నాయో చెప్పే కథలు చాలా ఉన్నాయిగాని, ఒక్కదానికీ గట్టి ఆధారం లేదు.

ఈ పలకలు అలంకారానికి కావు. “ఏ దగ్గర 20 మీటర్ల వృత్తం తిరగాలి” అని పరీక్షలో ఉందనుకోండి. 20 మీటర్ల వ్యాసం అంటే ఆ వృత్తం రెండు పొడవుకంచెలనూ తాకాలి. ఎక్కడ తాకుతుంది? మూలనుంచి 10 మీటర్ల దూరాన. అంటే ఎడమవైపు కె దాటి 4 మీటర్లు, కుడివైపు ఎఫ్ దాటి 4 మీటర్లు. అక్కడ ఏ అక్షరమూ లేదు. సాధన చేసిన రౌతు ఆ 4 మీటర్లను కె, ఎఫ్‌లనుంచి అంచనా వేసుకుంటాడు. ఇప్పుడు పలక నిలబెట్టినవాళ్లు కె ని ఒక మీటరు పక్కకు పెట్టారనుకోండి. రౌతు సరిగ్గా తిరగాలని చూసినా వృత్తం కోడిగుడ్డవుతుంది. న్యాయనిర్ణేత మార్కు కోస్తాడు. తప్పు ఒకరిది, శిక్ష ఇంకొకరికి. అందుకే జాతీయ సమాఖ్య తరఫున సాంకేతిక ప్రతినిధి అనే అధికారి ఒకరు వచ్చి పోటీ మొదలుకాకముందే బరిని పరిశీలిస్తారు. ఆయన నిర్వాహకుల మనిషి కాదు, పోటీదారుల మనిషీ కాదు.

కొలతలు కుదిరాయి. కాళ్లకింద ఏముంది? ఇసుక. సముద్రపు ఒడ్డున నడిచినవాళ్లకు ఇసుక రకాలు తెలుసు. నీళ్లకు దూరంగా ఉన్న పొడి ఇసుకలో పాదం కూరుకుపోతుంది. అల తాకి వెళ్లిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది. అల కిందనే ఉన్న ఇసుక మళ్లీ జారిపోతుంది. రేణువుల మధ్య కొద్దిగా నీళ్లుంటే వాటి తలతన్యత రేణువులను దగ్గరికి పట్టి ఉంచుతుంది. ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతే ఆ పట్టు పోతుంది. సుమారు 500 కిలోల గుర్రం పైన రౌతును మోస్తూ పరుగెత్తేటప్పుడు ఒక్కొక్క గిట్టమీద పడే బలం సామాన్యమైనది కాదు. నేల గట్టిదైతే అదురు ఎముకలకూ కీళ్లకూ తగులుతుంది. మరీ మెత్తనైతే కాలివెనక నరాల్లా కనిపించే స్నాయువులు సాగిపోయి దెబ్బతింటాయి. కాబట్టి ఇసుకకు నీళ్లు పెట్టడం ఒక విద్య. కొన్ని గుర్రాలు నడిచాక కంచెవెంట కాలిబాట పడుతుంది. అప్పుడు పొలంలో దంతె తోలినట్టు ట్రాక్టరుతో బరినంతా మళ్లీ చదునుచేస్తారు. ఎన్ని గుర్రాలకు ఒకసారి చేయాలో ముందే కాలపట్టికలో రాసిపెడతారు. లేకపోతే మొదటి గుర్రానికి ఒక నేల, ఇరవయ్యో గుర్రానికి ఇంకో నేల అవుతుంది.

కాలపట్టిక గురించి రెండు మాటలు. ఒక్కో గుర్రానికి 8 నిమిషాలు ఇచ్చినా 40 గుర్రాలకు 320 నిమిషాలు, అంటే 5 గంటల 20 నిమిషాలు. పైన చదును చేసే సమయం, భోజనం, న్యాయనిర్ణేతకు విరామాలు. ఒకే రౌతు రెండు గుర్రాలమీద పోటీచేస్తుంటే మొదటిది దిగి రెండోదాన్ని సిద్ధం చేసుకోవడానికి మధ్యలో వ్యవధి ఉండాలి. రెండు మూడు బరులు ఒకేసారి నడుస్తుంటే ఈ లెక్క పీటముడి పడుతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అనేది చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. దీనికి కారణం ఉంది. న్యాయనిర్ణేత మొదటి రెండు మూడు గుర్రాలకు వేసిన మార్కులే ఆ రోజుకు కొలబద్ద అయిపోతాయి. తరవాతివాటిని వాటితో పోల్చి చూస్తాడు. జవాబుపత్రాలు దిద్దే మా పంతుళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. ఆ ప్రభావాన్ని పూర్తిగా పోగొట్టలేం. కనీసం అది ఎవరికి తగలాలో మనుషులు నిర్ణయించకుండా చీటీకి వదిలేయవచ్చు.

గుర్రం ఏం చూస్తోంది?

మనిషికి కనిపించనివి గుర్రానికి కనిపిస్తాయి. దాని కళ్లు తలకు రెండుపక్కలా ఉంటాయి. తన తోకవైపు కొద్దిపాటి మేర తప్ప చుట్టూ దాదాపు అంతా చూడగలదు. గడ్డిమైదానాల్లో పులో తోడేలో ఎటునుంచి వస్తుందోనని భయపడుతూ బతికిన జాతి గదా. ఇప్పటికీ ఎగిరే కాగితం, కొత్తగా పెట్టిన పూలకుండీ, గాలికి కొట్టుకునే జెండా చూస్తే బెదురుతుంది. అందుకే కుండీలూ పలకలూ పోటీకి ముందే పెట్టేసి, మధ్యలో కదపరు. ప్రేక్షకులను బరికి దూరంగా కూర్చోబెడతారు. ఒక గుర్రానికి నిశ్శబ్దం, ఇంకో గుర్రానికి చప్పట్లు అయితే ప్రయోగం చెడిపోయినట్టే.

గుర్రం ఎంత సూక్ష్మంగా గమనిస్తుందో చెప్పే నిజమైన కథ ఒకటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే లెక్కల పంతులుకు హాన్స్ అనే గుర్రం ఉండేది. ప్రశ్న అడిగితే గిట్టతో నేలమీద తట్టి జవాబు చెప్పేది. నాలుగూ మూడూ ఎంత అంటే ఏడుసార్లు తట్టి ఆగేది. జనం విరగబడి చూశారు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించి 1907లో గుట్టు విప్పాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియడం లేదు! సరైన సంఖ్య రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే కాస్త కదిలేది. హాన్స్ ఆ కదలికను చూసి తట్టడం ఆపేది. లెక్కలు రాకపోతేనేం, మనుషులను చదవడంలో దానికి సాటిలేదు.

డ్రెసాజ్ ఆధారపడేది ఈ శక్తిమీదనే. మంచి రౌతు ఏం చేస్తున్నాడో చూసేవారికి కనిపించదు. కూర్చున్న బరువు అంగుళం పక్కకు, పిక్కతో చిన్న ఒత్తిడి, పగ్గంమీద ఒక వేలు. అంతే, గుర్రం పక్కకు జరుగుతుంది. నిలబడి ఉన్న గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్లమీదనే ఉంటుంది. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, వెనకకాళ్లను పొట్టకిందికి తెచ్చుకొని వాటిమీద ఎక్కువ బరువు మోసేలా నేర్పుతారు. అప్పుడు ముందుభాగం తేలికై, కోరిన వెంటనే ఎటుకంటే అటు తిరగగలుగుతుంది. ఇది నొప్పి పెట్టి చేయించేది కాకూడదు. నొప్పితో నేర్పినదానికి మార్కులు పడితే ఈ పోటీకి అర్థమే లేదని నా అభిప్రాయం.

నియమాలు చేసినవాళ్లూ కొంత ఆ దృష్టితోనే చేశారు. బరి బయట స్టివార్డులు నిలబడి కళ్లెమూ, బూటుమడమల ముల్లూ నియమం ప్రకారం ఉన్నాయా అని చూస్తారు. కళ్లెం చూసేటప్పుడు ఒక్కో గుర్రానికీ కొత్త చేతితొడుగు వేసుకుంటారు. లేకపోతే చొంగద్వారా వాళ్లే జబ్బు అంటించినవాళ్లవుతారు. ముక్కుపట్టీ నోరు తెరవలేనంత బిగుతుగా కట్టారేమో చూడడానికి ఒకప్పుడు స్టివార్డు తన రెండు వేళ్లు దూర్చి చూసేవాడు. మరి వేళ్లు అందరివీ ఒకే లావుగా ఉంటాయా? అంతర్జాతీయ సమాఖ్య 2025లో దీనికి ఒక కొలిచే పరికరాన్ని ప్రవేశపెట్టింది. గుర్రంమీద ఎక్కడైనా తాజా రక్తం కనిపిస్తే న్యాయనిర్ణేత గంట కొట్టి పరీక్ష ఆపేస్తాడు. ఆ గుర్రానికి అక్కడితో సరి.

పోటీకి ముందు గుర్రాలను వేడెక్కించే బరి వేరే ఉంటుంది. అక్కడ ఎదురెదురుగా వచ్చేవాళ్లు ఎడమ భుజానికి ఎడమ భుజం వచ్చేలా తప్పుకోవాలి. మన రోడ్డు పద్ధతికి ఇది తలకిందులు!

పక్కనుంచి చూస్తే, ఎదురుగా చూస్తే

గంట మోగింది. నిమిషం లోపే రౌతు ఏ దగ్గర లోపలికి రావాలి. మధ్యగీతవెంట వచ్చి, ఆగి, వందనం చేస్తాడు. సి వెనక చిన్న గుడారంలో న్యాయనిర్ణేత కూర్చుని ఉంటాడు. పక్కన ఒక లేఖకుడు. న్యాయనిర్ణేత కళ్లు గుర్రంమీదనుంచి తిప్పకూడదు కాబట్టి మార్కూ, మాటా నోటితో చెబుతాడు. లేఖకుడు రాసుకోవాలి. ఒక్కో కదలికకు 0 నుంచి 10 దాకా మార్కులు. అరమార్కులు వేయవచ్చు. 10 అంటే అత్యుత్తమం. 0 అంటే అడిగినదాన్ని చేయనే లేదని. “ఆరున్నర, వెనక కాళ్లు బద్ధకం” అని వినిపించేలోపే తరవాతి కదలిక మొదలైపోతుంది. లేఖకుడు ఒక గడి తప్పితే ఆ కిందివన్నీ తప్పుతాయి. మొత్తం పోటీలో నాకు కష్టమనిపించే పని ఇదే. తన అభిప్రాయం ఒక్క ముక్క కూడా చెప్పకూడదు, ముఖంలో కూడా చూపించకూడదు.

న్యాయనిర్ణేత కళ్లతో పాటు చెవులకూ పని ఉంది. గుర్రానికి మూడు నడకలు. మామూలు నడకలో నాలుగు గిట్టలూ ఒకదాని తరవాత ఒకటి పడతాయి, నాలుగు దెబ్బలు. ట్రాట్ అనే నడకలో ముందు ఎడమకాలూ వెనక కుడికాలూ ఒకసారి, తరవాత మిగతా రెండూ ఒకసారి, అంటే రెండు దెబ్బలు. కాంటర్‌లో మూడు దెబ్బలు, ఆపైన కాస్త ఖాళీ. బల్లమీద వేళ్లతో కొట్టి చూడండి. లయ తప్పిన గుర్రం కంటికంటే ముందు చెవికే దొరికిపోతుంది. కన్ను ఎంత మోసపోతుందో 1878లోనే తేలింది. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాలిలో ఉంటాయా, ఉండవా అని అంతకుముందు వాదులాడుకునేవారు. కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీసి, ఉంటాయని చూపించాడు. అయితే కాళ్లు చాచినప్పుడు కాదు, పొట్టకిందికి ముడిచినప్పుడు. అన్ని వేల ఏళ్లు గుర్రాలమీద తిరిగిన మనిషికి ఆ సంగతి తెలియనే లేదు.

ఛాంపియన్‌షిప్ పోటీల్లో ఒక్క న్యాయనిర్ణేత చాలడని ఇంకొకరిని ఇ దగ్గరో బి దగ్గరో కూర్చోబెడతారు. పెద్ద అంతర్జాతీయ పోటీల్లో అయిదుగురుంటారు, ఒలింపిక్స్‌లో ఏడుగురు. ఇద్దరి మార్కులూ కలవకపోతే ఒకరు తప్పని అనుకుంటున్నారా? అక్కర్లేదు. డ్రాయింగులో ఒక వస్తువును ముందునుంచీ పక్కనుంచీ గీస్తారు గదా. సి దగ్గరివారికి గుర్రం తిన్నగా వస్తోందా, వంకరగా వస్తోందా అనేది స్పష్టంగా కనిపిస్తుంది. అడుగు ఎంత దూరం వేసిందో కనిపించదు. ఇ దగ్గరివారికి అడుగు పొడవు కనిపిస్తుంది, వంకర కనిపించదు. ఇద్దరూ సత్యమే చెబుతున్నారు, చెరొక సగం.

అన్ని తేడాలూ ఇలా అమాయకమైనవి కావు. 1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగాయి. ఆస్ట్రేలియా రోగనిరోధ నిబంధనల కారణంగా గుర్రాలను రానివ్వకపోవడంతో గుర్రపు పోటీలు మాత్రం స్వీడన్‌లోని స్టాక్‌హోంలో జరిపారు. డ్రెసాజ్‌లో జర్మనీ న్యాయనిర్ణేత తన దేశపు రౌతులకూ, స్వీడన్ న్యాయనిర్ణేత తన దేశపు రౌతులకూ మొదటి స్థానాలు కట్టబెట్టారు. పెద్ద గొడవ అయింది. సమాఖ్య ఆ ఇద్దరినీ పక్కన పెట్టింది. ఇప్పుడు ప్రతి న్యాయనిర్ణేత వేసిన మార్కులూ విడివిడిగా, పేరుతో సహా అందరికీ కనిపిస్తాయి. పదిమంది చూస్తారని తెలిస్తే పక్షపాతం కొంత వెనక్కి తగ్గుతుంది.

మూడో దశాంశం

గుర్రం బయటికి వెళ్లగానే ఒకరు కాగితాన్ని లెక్కల గుడారానికి చేరవేస్తారు. అక్కడ కొన్ని కదలికల మార్కులను రెండుతో గుణిస్తారు, అన్నీ కూడతారు, దారి తప్పినందుకు కోతలుంటే తీసేస్తారు, శాతం కడతారు. కంప్యూటరు చేసినా, గడులు సరిగ్గా ఎక్కించారా అని ఇంకొకరు సరిచూస్తారు. ఉదాహరణకు 300 మార్కుల పరీక్షలో ఒకరు 198.5, ఇంకొకరు 204 ఇచ్చారనుకోండి. మొదటిది 66.167 శాతం, రెండోది 68 శాతం. సగటు 67.083.

దశాంశం తరవాత మూడు అంకెలు! చూడ్డానికి ఎంతో కచ్చితంగా ఉంది. కాని ఆలోచించండి. కంటితో వేసే మార్కులో అతిచిన్న మెట్టు అరమార్కు. 300కు అరమార్కు అంటే 0.167 శాతం. అయిదుగురు ఉంటే, వారిలో ఒక్కరు ఒక్కచోట అరమార్కు ఎక్కువ వేసినా సగటు 0.033 శాతం మారుతుంది. హాంగ్జౌలో ముగ్గురేసి రౌతుల శాతాలు కలిపితే మన జట్టుకు 209.205, చైనాకు 204.882, హాంకాంగ్‌కు 204.852 వచ్చాయి. మనకు వెనకనున్నవారికంటే నాలుగు శాతం పైగా ఎక్కువ, సందేహానికి తావులేదు. కాని రెండో మూడో స్థానాల మధ్య తేడా 0.030 మాత్రమే. ఇంచుమించు ఒక అరమార్కుతో తారుమారయ్యేది! స్కేలుతో పెన్సిలు పొడవు కొలిచి 14.3274 సెంటీమీటర్లు అని రాస్తే మేం మార్కు కోస్తాం. పోటీకి మాత్రం ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. వెండి ఒకరికి, కంచు ఒకరికి ఇవ్వాలి గదా. ఆ గీత ఎంత సన్నగా ఉందో తెలిశాక, తెల్లవారుజామున కర్ణాలు కొలిచినవాళ్లమీద గౌరవం పెరుగుతుంది.

ఫలితాలు గోడమీద అంటించాక మార్కుల కాగితం రౌతుకే ఇచ్చేస్తారు. గెలిచినవారికి రిబ్బను, ఓడినవారికి కూడా ఈ కాగితం. ప్రతి కదలికకూ ఎదురుగా ఎందుకు తగ్గిందో రాసి ఉంటుంది. సాంకేతిక ప్రతినిధి సమాఖ్యకు నివేదిక పంపుతాడు. గుర్రాలు వెళ్లిపోయాక శాలలు ఖాళీచేసి, పేడా గడ్డీ ఎత్తి, మందునీళ్లతో కడుగుతారు.

మీరూ దీన్ని బడి మైదానంలో చిన్నగా చేసి చూడవచ్చు. గుర్రం అక్కర్లేదు. 15 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున సున్నంతో బరి గీయండి. అసలు బరికి నాలుగోవంతు. కర్ణాలు రెండూ 15 మీటర్ల 81 సెంటీమీటర్లు రావాలి, రాకపోతే మేకులు జరపండి. మూలనుంచి ఒకటిన్నర మీటరుకు ఒకటి, తరవాత మూడేసి మీటర్లకు ఒకటి చొప్పున అక్షరాలు పెట్టండి. ఒకరు మధ్యగీతవెంట నడిచి ఎక్స్ దగ్గర ఆగాలి. తరవాత ఇ దగ్గర 5 మీటర్ల వృత్తం తిరగాలి. నలుగురు సి, ఇ, బి, హెచ్ దగ్గర నిలబడి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా రెండింటికీ విడివిడిగా మార్కులు వేయండి. ఇలా అయిదారుగురు నడిచాక నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏ కదలికకు ఎవరి మార్కులు ఎక్కువ తేడాగా ఉన్నాయో, వాళ్లు ఎక్కడ నిలబడి చూశారో రాసుకోండి.